ఉద్దానం పాటను ఏడంగుళాల రికార్డుగా తేవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కాశీబుగ్గలో కూర్చుని గ్రామఫోను రికార్డు వేస్తామంటే ఎవరైనా ముందు నవ్వుతారు. జీడిపప్పు ఊళ్లో రికార్డుల ఫ్యాక్టరీ ఎక్కడిదంటారు. ఫ్యాక్టరీ మన ఊళ్లో ఉండక్కర్లేదు, పాట ఉంటే చాలు. ఆ పాట సత్తా 2020లో తెలుగువాళ్లంతా చూశారు. ఆ ఏడాది సంక్రాంతికి వచ్చిన 'అల వైకుంఠపురములో' సినిమాలో సూరన్న, సాకేత్ పాడిన 'సిత్తరాల సిరపడు' శ్రీకాకుళం యాసను ఊరూరా మోగించింది. మార్చిలో కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' వచ్చింది. జానపద కళాకారులైన అన్నదమ్ముల కథ అది, సంగీతం రఘు కుంచె. అందులోని 'నక్కిలీసు గొలుసు' ఆ తర్వాత ఫోన్లలోనూ పెళ్లి ఊరేగింపుల్లోనూ తెగ తిరిగింది.

సినిమా దాకా వెళ్లని పాటలు ఇంకా బోలెడున్నాయి. వాటికోసం సినిమావాళ్ల రాకకు ఎదురుచూడక్కర్లేదు. నలుగురు కుర్రాళ్లు పూనుకుంటే ఒక చిన్న లేబుల్ పెట్టి రికార్డు వేయొచ్చు. ఇంగ్లండులో 2008లో మొదలైన 'ఫ్రూట్స్ ద మేర్' అలాంటి చిన్న సంస్థే. సైకెడెలిక్, జానపద సంగీతాన్ని ఏడంగుళాల రికార్డుల మీద కొద్దికొద్ది ప్రతులుగా వేసి అమ్మింది. ఢిల్లీలోని 'అమర్రస్ రికార్డ్స్' రాజస్థాన్ జానపద గాయకులను రికార్డు చేసి, వినైల్ పళ్లేలను తమ దగ్గరే ఒక్కొక్కటిగా చెక్కింది. ఇదే పని పలాస, టెక్కలి, వజ్రపుకొత్తూరు, మందస ఊళ్ల పాటలతో మొదటిసారి చేయబోయేవారికి ఈ వ్యాసం.

ముందు, తయారయ్యేది ఏమిటో తెలుసుకోండి

ఏడంగుళాల పళ్లెం. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది. 1949లో అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ సంస్థ తెచ్చిన కొలత ఇది, నేటికీ మారలేదు. ఒక్కో వైపు ఒక్కో పాట. 'ఏ' వైపు ఊళ్లో పాడిన పాట ఉన్నదున్నట్టు ఉంటుంది. 'బి' వైపు అదే పాటకు సైకెడెలిక్ రూపం.

సైకెడెలిక్ అనగానే బెదరక్కర్లేదు. 1960ల్లో అమెరికా, ఇంగ్లండు కుర్రాళ్లు రాక్ సంగీతానికి దట్టించిన మసాలా అది. పదే పదే తిరిగొచ్చే ఎకో, గొంతు బొంగురుపోయినట్టు మోగే ఫజ్ గిటారు, ఒకే శ్రుతి మీద ఆగకుండా సాగే మోత, వెనక్కి తిప్పిన టేపు. వాటిలో ఆ ఆగని మోతకు ప్రేరణ చాలావరకు మన దేశం నుంచే వెళ్లింది. పండిట్ రవిశంకర్ అన్న కొడుకు ఆనంద శంకర్ 1970లోనే సితార్‌నూ మూగ్ సింథసైజర్‌నూ కలిపి ఒక ఎల్పీ చేశాడు.

ఉత్తరాంధ్రలో ఆ ధ్వని కోసం సింథసైజర్ కూడా అక్కర్లేదు, జముకు ఉంది. కుండలాంటి పాత్రకు ఒకవైపు చర్మం బిగించి, ఆ చర్మం మధ్య నుంచి తీగ లాగుతారు. పాత్రను చంకలో ఇరికించుకుని, తీగను ఒక చేత్తో బిగిస్తూ వదులుతూ రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి పాకుతుంది, వదిలితే కిందికి జారుతుంది. డప్పులా మోగుతూనే మనిషిలా మూలుగుతుంది. దాన్ని వాయిస్తూ పాడి చెప్పే జముకుల కథలో కథకుడు ఒక మాట అని ఆగితే ఆ ఖాళీని అదే నింపుతుంది. మీ రికార్డుకు ఇంతకంటే గొప్ప పెట్టుబడి లేదు.

కావలసినవి

- ఒక బృందం, ఒక పాట, వాళ్ల రాతపూర్వక అంగీకారం.
- 24 బిట్ల వేవ్ ఫైలు రికార్డు చేసే చేతిరికార్డరు ఒకటి, అదనంగా రెండు మైకులు, గాలి అడ్డుకునే బొచ్చు తొడుగులు, హెడ్‌ఫోన్లు.
- మిక్సింగుకు ఒక కంప్యూటరు. ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.
- వినైల్ మాస్టరింగ్ తెలిసిన ఇంజనీరు ఒకరు. ఊళ్లో లేకపోతే ఫైలు పంపి చేయించుకోవచ్చు.
- ఓపిక. పాట పట్టిన రోజు నుంచి పళ్లెం చేతికి రావడానికి నెలలు పడుతుంది.

అడుగు 1: నాలుగు నిమిషాల పాట ఎంచుకోండి

45 చుట్ల ఏడంగుళాల రికార్డు మీద ఒక వైపు నాలుగున్నర నిమిషాల దాకా బాగా పలుకుతుంది. అంతకుమించి కుక్కితే గాడులు దగ్గరపడి ధ్వని పలచబడుతుంది. జముకుల కథ అయితే రాత్రంతా నడుస్తుంది. "ఏటి బాబూ, నాలుగు నిమిషాల్లో కతెలాగవుతాదీ?" అని పెద్దాయన అడిగితే ఆయన మాట నిజమే. కాబట్టి కథను కుదించమని అడగకండి, కథలోంచి ఒక ఘట్టం అడగండి. పేరంటాలి కథలో వీడ్కోలు కావచ్చు, ఎల్లమ్మ కథలో ఒక వర్ణన కావచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో కథకుడికే బాగా తెలుసు.

ఈ కొలతల గొడవ కొత్తది కాదు. 78 చుట్ల పది అంగుళాల రికార్డు మీద పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు పల్లెపాటలు సేకరించి వేదికల మీదా రేడియోలోనూ రికార్డుల మీదా పాడి చదువుకున్న ఇళ్లలోకి తెచ్చింది ఆ రోజుల్లోనే. ఆ ఇరుకులోనే ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న లెక్క వాళ్లకు తెలిసింది. మీరు మొదట నేర్చుకోవలసిందీ అదే.

మొదటి రికార్డుకు తప్పెటగుళ్ల కంటే జముకుల కథో, పని పాటో మేలు. తప్పెటగుళ్లలో పదిహేను ఇరవై మంది గుండెల మీద తప్పెట్లు కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ పాడతారు. చూడ్డానికి అద్భుతం, మైకుకు మాత్రం గట్టి పరీక్ష. రెండో రికార్డుకు దాచుకోండి.

అడుగు 2: పేరు, వాటా, కాగితం

మైకు తీయకముందే ఈ పని కావాలి. తరతరాలుగా వస్తున్న జానపద గేయానికి కర్త ఎవరో తెలియకపోతే సాహిత్యం మీద సాధారణంగా ఎవరికీ కాపీరైట్ ఉండదు. అంతమాత్రాన పాడినవారికి హక్కు లేదనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకులకు 50 ఏళ్ల హక్కు ఇస్తోంది. 2012లో చేర్చిన 38బి ప్రకారం, పాడింది తామేనని పేరు వేయమని అడిగే హక్కూ వాళ్లకుంది. ఎన్నో పాత రికార్డులూ క్యాసెట్లూ 'జానపదం' అన్న ఒక్క మాటతో సరిపెట్టేశాయి. పాట మిగిలింది, పాడిన మనిషి ఎవరో తెలియకుండా పోయింది. మీ లేబుల్ ఆ పని చేయకూడదు.

అలాగే, ఊళ్లో అందరూ పాడుకునేదల్లా జానపదం కాదు. పార్వతీపురం ప్రాంతంలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలు జనంలో ఎంతగా కలిసిపోయాయంటే అవి ఒకరు రాసినవన్న సంగతే చాలామందికి గుర్తుండదు. ఆయన 2020 ఆగస్టు 4న పోయారు. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క కాబట్టి, ఆ సాహిత్యానికి 2080 చివరిదాకా చట్టం రక్షణ ఉంది. పలాస పక్కనే బొడ్డపాడులో ఉండి, జముకుల కథను ఉద్యమ గళంగా మార్చి 1969లో చనిపోయిన సుబ్బారావు పాణిగ్రాహి రచనలకు కూడా ఆ గడువు 2029 చివరిదాకా నడుస్తుంది. ఇలాంటి పాట కావాలంటే వారసుల అనుమతి తీసుకోండి.

కవర్ వెర్షన్లకు 31సి సెక్షన్ కింద అనుమతి లేకుండానే దారి ఉందని ఎవరైనా చెబుతారు. అది అయిదేళ్లు దాటిన రికార్డులకే వర్తిస్తుంది. పైగా ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. వంద ప్రతులు వేసే మీకు అది అచ్చిరాదు.

కాగితం మీద తెలుగులో, ఒక్క పేజీలో ఇవి రాయండి: పాట పేరు, పాడినవారు, వాయించినవారు, వాళ్ల ఊరు, ముందుగా ఇచ్చే డబ్బు, అమ్మకంలో వాటా, ఉచితంగా ఇచ్చే ప్రతులు, 'బి' వైపు పాటను మార్చడానికి ఒప్పుకోలు. చదవడం రానివారికి పైకి చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని కూడా రికార్డు చేయండి. అమ్మవారి పాట అయితే గిటారు కలపడం ఇష్టమో కాదో విడిగా అడగండి. వద్దంటే వద్దు. 'బి' వైపుకు వేరే పాట వెతకండి.

అడుగు 3: చోటు, వేళ

స్టూడియోకు తీసుకెళ్లకండి. అద్దం వెనక ఒంటరిగా నిలబెడితే వంత లేక కథకుడి గొంతు సగమవుతుంది. వాళ్లు రోజూ పాడే చోటే నయం. అయితే మన ప్రాంతంలో మూడు మోతలు కాచుకోవాలి. ఒకటి, జాతీయ రహదారి 16 మీది లారీలు. రెండు, హౌరా-చెన్నై లైను. కాశీబుగ్గలో రెండూ ఊరిని ఆనుకునే ఉన్నాయి కాబట్టి ఊరికి దూరంగా, తోటల్లోకి వెళ్లండి. మూడోది ఆ తోటల్లోనే ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే కొబ్బరి మట్టల గలగల వర్షంలా వినిపిస్తుంది. తెల్లవారాక ఎండెక్కకముందో, పొద్దుగూకి గాలి పడిపోయాకో పెట్టుకోండి.

పెంకుటిల్లో, గడ్డి పరిచిన సాలో దొరికితే ఇంకా మేలు. కాంక్రీటు హాలు, రేకుల షెడ్డు వద్దు. చప్పట్లు కొట్టి చూడండి. గణగణమని తిరిగొస్తే అక్కడ నేల మీద చాపలు, గోడలకు గోనెసంచులు, దుప్పట్లు కట్టండి. జీడిపిక్కల గోనెలకు మన ఊళ్లో కరువా! ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపేయండి. చుట్టూ చేరినవారి ఫోన్లు మూగబెట్టమనండి. కోడి కూస్తే మాత్రం అలాగే ఉండనివ్వండి, ఊరి పాటలో ఊరి చప్పుడు తప్పు కాదు.

తడిగాలికి చర్మం సడలి జముకు గొంతు దిగిపోతుంది. వాద్యకారుడు ఒకసారి సరిచూసుకునే దాకా ఆగండి. తొందర పెడితే పాట మధ్యలో శ్రుతి జారుతుంది.

అడుగు 4: మైకు ఎక్కడ పెట్టాలి

చేతిరికార్డరును కథకుడికి ఎదురుగా నాలుగైదు అడుగుల దూరంలో, నోటికంటే కొంచెం ఎత్తులో స్టాండు మీద పెట్టండి. మొత్తం బృందాన్ని అది పడుతుంది. అదనపు మైకు ఒకటి కథకుడి గొంతుకు, ఇంకొకటి జముకుకు. జముకు మైకును చర్మానికి ఒక జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కవాటుగా తిప్పండి. అప్పుడు దెబ్బతో పాటు తీగ జారుడు కూడా స్పష్టంగా వస్తుంది. వంతవాళ్లకు వేరే మైకు అక్కర్లేదు. వాళ్ల గొంతు మరీ వినిపిస్తుంటే ఒక అడుగు వెనక్కి జరగమంటే చాలు.

రికార్డరును 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వేవ్‌కు మార్చండి. ఎంపీ3 వద్దు. బాగా గట్టిగా పాడే చరణం ముందు ఒకసారి పాడించుకుని, ఆ మోత మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగేలా మీట తిప్పండి. ఊపు వచ్చాక వాళ్లు ఇంకా గట్టిగా పాడతారు, ఆ ఖాళీ అందుకే.

పాట పూర్తయ్యాక వెంటనే హెడ్‌ఫోన్లు కథకుడికి ఇవ్వండి. "గురువుగారూ, ఇది బాగుందా, ఇంకోటి పాడతారా?" అని అడగండి. ఏ టేకు ఉంచాలో చెప్పవలసింది ఆయనే. చివర్లో బృందం లేని మౌనాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. ముక్కలు అతికేటప్పుడు కింద పరచడానికి పనికొస్తుంది.

అడుగు 5: 'బి' వైపుకు రంగు వేయండి

టర్కీలో 1965లో 'హుర్రియెత్' పత్రిక 'ఆల్తన్ మిక్రొఫోన్' అనే పోటీ పెట్టింది. షరతు ఒకటే: టర్కీ పాటను పాశ్చాత్య వాద్యాలతో వాయించాలి. తుదిదాకా నిలిచిన బృందాల పాటలను 45 చుట్ల రికార్డులుగా వేశారు. ఆ ఊపులోంచే అనటోలియన్ రాక్ అనే ధోరణి బలపడింది. ఇప్పుడు ప్రపంచమంతా వెతికి కొనుక్కునే టర్కీ సైకెడెలిక్ సింగిల్స్‌లో చాలావరకు ఆ కోవవే. వాళ్లు ఊరి బాణీని కదలనివ్వలేదు, వాద్యాలనే దానికి ఒంచారు. తెలుగులో హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా' కూడా జానపదానికి రెగ్గే దరువు కలిపి జనాన్ని మెప్పించింది.

మొదటి ప్రయత్నానికి ఈ వరుస పాటించండి.

శ్రుతి: గిటారును కథకుడి గొంతుకు సరిచేయండి. గొంతును యంత్రంతో గిటారుకు దింపొద్దు. ఆటోట్యూన్ పెడితే గమకం చచ్చిపోతుంది.

మోత: జముకు ముక్క ఒకటి తీసుకుని సగం వేగానికి తగ్గించండి. స్వరం సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. దాన్ని పాట పొడవునా పరిస్తే నేపథ్యం తయారు.

ఎకో: దరువు నిమిషానికి 120 దెబ్బలైతే 500 మిల్లీసెకన్ల ఎకో దెబ్బ మీద దెబ్బగా పడుతుంది. 375 పెడితే దెబ్బల మధ్య దూకుతుంది. అయితే ఊరి బృందం మెట్రోనోమ్‌తో పాడదు, ఊపు పెరిగేకొద్దీ లయ పరిగెడుతుంది. అంకెల కంటే చెవిని నమ్మండి. ప్రతి చరణానికీ ఎకోను కొత్తగా సర్దండి. పాటను గడియారానికి కట్టేస్తే ఆ ఊపు పోతుంది.

ఫజ్: గిటారు జముకుకు బదులు చెప్పాలి, గొంతుకు అడ్డం రాకూడదు. కథకుడు ఆగిన చోటే అందుకోనివ్వండి.

వెనక్కి తిప్పుడు: పల్లవి ఆఖరి అక్షరాన్ని తిప్పి, తర్వాతి చరణానికి ముందు అతికించండి. పాటలో ఒక్కసారి చాలు.

ఇన్ని చేశాక కూడా మాట అర్థం కావాలి. అర్థం కాకపోతే ఎకో తగ్గించండి.

అడుగు 6: గాడికి తగ్గట్టు మాస్టరింగ్

యూట్యూబ్‌కు చేసిన మాస్టరు వినైల్‌కు పనికిరాదు. సూది గాడిలో ప్రయాణిస్తూ పాడుతుంది కాబట్టి దానికి కొన్ని బాధలున్నాయి. ఇంజనీరుకు పంపేముందు మీరు చూసుకోవలసినవి మూడు.

మొదటిది కింది స్వరాలు. బాస్ ఎడమ కుడి స్పీకర్లలో వేర్వేరుగా ఊగితే గాడి లోతు మారి సూది గెంతుతుంది. జముకునూ బాస్ గిటారునూ మధ్యలో ఉంచండి. సుమారు 150 హెర్ట్జ్ కింద అంతా మోనో చేయమనండి.

రెండోది పై స్వరాలు. గజ్జెలు, తాళాలు, 'స', 'శ' అక్షరాలు గాడిలో బరబరలాడతాయి. వాటిని కాస్త అణచాలి.

మూడోది, మన పాటకు అన్నిటికంటే ముఖ్యమైనది, గాడి చివర. పళ్లెం తిరిగే వేగం మారదు గానీ సూది లోపలికి వచ్చేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. ఏడంగుళాల రికార్డు బయటి అంచున సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్ల గాడి సూది కింద నుంచి పోతే, లోపలి చివర 25 సెంటీమీటర్లే పోతుంది. అదే ధ్వని తక్కువ చోటులో ఇరుక్కుని చిట్లుతుంది. నెమ్మదిగా ముగిసే పాటకైతే పెద్ద ఇబ్బంది లేదు. మన పాట అలా కాదు. ఊపంతా ఆఖర్లోనే, గజ్జెలన్నీ ఆఖర్లోనే. దానికి ఉపాయం పాట నిడివి తగ్గించడం. మూడున్నర నిమిషాల్లో ముగిస్తే గాడి మరీ లోపలికి రాకుండానే ఆగుతుంది. కథకుడి ముగింపును కోయకండి, కావాలంటే మధ్యలో ఒక చరణం తగ్గించమని ఆయననే అడగండి.

అడుగు 7: నొక్కించాలా, చెక్కించాలా?

భారతదేశంలో రికార్డు అంటే ఒకప్పుడు కలకత్తా డమ్‌డమ్‌లోని హెచ్‌ఎంవీ ఫ్యాక్టరీయే. క్యాసెట్లు, సీడీల దెబ్బకు ఆ పని ఆగిపోయాక, మనవాళ్లు రికార్డు వేయాలంటే విదేశాలకు పంపాల్సి వచ్చింది. 2024లో ముంబయి ప్రాంతంలో 'సమన్వి' సంస్థ ప్రెస్సు తెరవడంతో దేశంలోనే రికార్డు వేయించే దారి మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు మీకు రెండు పద్ధతులున్నాయి.

నొక్కించడం: లక్కర్ పూత పూసిన పళ్లెం మీద పాటను గాడిగా కోస్తారు. దాని మీద వెండి పూసి, విద్యుత్తుతో నికెల్ పూత మందంగా ఎక్కించి అచ్చు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి పీవీసీ ముద్దను పెట్టి నొక్కుతారు. అచ్చు ఖర్చు ఒక్కసారే. అందుకే సాధారణంగా వందో మూడు వందలో కనీస ఆర్డరు అడుగుతారు. ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది.

చెక్కించడం: ఒక్కో పళ్లెం మీద పాటను విడిగా గాడి కోస్తారు. నాలుగు నిమిషాల పాట ఒక వైపు కోయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పది కావాలన్నా చేసిపెడతారు. ధ్వని నొక్కిన దానికంటే కాస్త తక్కువ, ఒక్కో ప్రతి ధర ఎక్కువ.

మొదటిసారికి సలహా: ఇరవై ముప్పై ప్రతులు చెక్కించి జనం ఎలా తీసుకుంటారో చూడండి. అడిగేవాళ్లు వందకు చేరాకే అచ్చుకు వెళ్లండి. విదేశీ ప్రెస్సుకు పంపితే కస్టమ్స్ సుంకం, రవాణా ముందే లెక్క కట్టుకోండి. ఏ ప్లేయరు మీదైనా కూర్చునేలా మధ్య బెజ్జం చిన్నదే అడగండి.

అడుగు 8: టెస్ట్ ప్రెసింగ్‌ను కలిసి వినండి

అచ్చుకు వెళ్తే, అసలు ప్రతులకు ముందు నాలుగైదు నమూనాలు పంపుతారు. వాటిని మీరొక్కరే విని ఓకే అనేయకండి. కథకుడినీ వంతలనూ జముకాయననూ కూర్చోబెట్టి రెండు వైపులా వినిపించండి. ఒక ప్రతిలో టిక్కుమంటే దుమ్ము కావచ్చు. అన్ని ప్రతుల్లో ఒకే చోట టిక్కుమంటే అచ్చులో లోపం. సూది గెంతుతోందా, ఆఖరి చరణం చిట్లుతోందా చూడండి. సూట్‌కేసు ప్లేయరు మీదా, సూది బరువు సరిగ్గా రెండు గ్రాముల దగ్గర పెట్టిన మంచి ప్లేయరు మీదా విని తేల్చండి. లోపం ఉంటే రాతపూర్వకంగా తిప్పి పంపండి. ఓకే చెప్పాక మార్పు ఉండదు.

అడుగు 9: లేబుల్, కవరు

రికార్డు మధ్య అతికే గుండ్రటి కాగితం అరచేతిలో ఇమిడేంత. అందులోనే పాట, పాడినవారు, వాయించినవారు, ఊరు, తేదీ, వేగం, సంఖ్య అన్నీ పట్టాలి. పెద్ద అక్షరాలు బృందానివి కావాలి. మీ లేబుల్ పేరు చిన్నదైనా ఫర్వాలేదు. 'సంప్రదాయం' అని రాసినా దాని పక్కన 'పాడినవారు' అని పూర్తి పేరు ఉండాలి.

తెలుగు అక్షరాల విషయంలో జాగ్రత్త. చాలా ప్రెస్సుల కంప్యూటర్లలో తెలుగు ఫాంటు ఉండదు, ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన 'మండలి', 'రామభద్ర' వంటి ఫాంట్లు వాడి, అక్షరాలను ఆకారాలుగా మార్చాకే ఫైలు పంపండి. మరీ సన్నని అక్షరం వద్దు, ఒత్తు ఇంకులో మునిగిపోతుంది.

కవరు ఇక్కడి ఆఫ్‌సెట్ ప్రెస్సులోనే అచ్చేయొచ్చు. వెనక వైపు పాట సాహిత్యం మొత్తం, శ్రీకాకుళం యాస దిద్దకుండా వేయండి. గాడి ముగిసే చోట లేబుల్ చుట్టూ కొంత ఖాళీ ఉంటుంది. అక్కడ చేతితో గీయమంటే నాలుగు అక్షరాలు గీస్తారు. ఊరి పేరు గీయించండి.

అడుగు 10: పంచడం, దాచడం

మొదటి ప్రతులు బృందానివి. వాళ్లింట్లో ప్లేయరు ఉండదు కాబట్టి అదే పాట ఫోన్లో వినేలా ఫైలు కూడా ఇవ్వండి. కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, అమెరికా, ఇంగ్లండుల్లో ఉంటారు. బ్యాండ్‌క్యాంప్‌లో పేజీ పెడితే వాళ్లకు దొరుకుతుంది. ఎన్ని అమ్ముడయ్యాయో మూడు నెలలకోసారి బృందానికి కాగితం మీద చూపించి వాటా ఇవ్వండి.

ఉద్దానంలో రికార్డుకు శత్రువు ఉప్పుగాలి. కవర్లకు బూజు పడుతుంది. లోపల ప్లాస్టిక్ తొడుగు వేసి, నిలువుగా పేర్చి, పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు వేయండి. ఎండలో నిలిపిన కారులో వదిలారా, పళ్లెం వంకరపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో ఇళ్లు, తోటలు ఏమయ్యాయో చెప్పక్కర్లేదు. అందుకే అసలు వేవ్ ఫైళ్లను రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచి, ఒకటి తీరానికి దూరంగా ఉన్న ఊళ్లో పెట్టండి. 1982లో మొదలై ఇప్పుడు గురుగ్రామ్‌లో ఉన్న ఏఆర్‌సీఈ అనే సంగీత భాండాగారానికి ఒక ప్రతి ఇవ్వగలిగితే ఇంకా మంచిది.

మొదటిసారి చేసేవారు జారే చోట్లు

- పాట ముందు రికార్డు చేసి, కాగితం తర్వాత చూద్దామనుకోవడం.
- 'ఏ' వైపుకు కూడా ఎకో పూయడం. 'ఏ' వైపు ఉన్నదున్నట్టు ఉంటేనే 'బి' వైపు చేసిన పని తెలుస్తుంది.
- ఆరు నిమిషాల పాటను బలవంతంగా ఒక వైపు ఎక్కించడం.
- ఫోన్ స్పీకరులో విని మిక్సింగు ముగించడం. జముకు కింది స్వరం ఫోన్‌లో వినపడదు, పళ్లెం మీద మాత్రం సూదిని ఎగరేస్తుంది.
- యాస అర్థం కాదేమోనని పదాలు మార్చమనడం.

ఖర్చుకు వెనకాడేవారికి ఒక మాట. పది అడుగుల్లోనూ డబ్బు గట్టిగా కావలసింది ఏడో అడుగుకే. మొదటి నాలుగింటికి కావలసింది ఒక రికార్డరు, ఒక ఉదయం, నలుగురి సమ్మతి. ఆ నాలుగూ ఈ ఏడాదే పూర్తి చేయండి. జముకు పట్టేవారు కొద్దిమందే మిగిలారు, వాళ్లూ ఎక్కువగా పెద్దవాళ్లే. ప్రెస్సు వచ్చే ఏడాదీ ఉంటుంది, కాబట్టి ముందు పాట పట్టండి. ఆ పాట ఫైలు పేరులోనే పాడినవారి పేరు, ఊరు రాయండి.